ఊరి ఆటలా, వాడ ఆటలా?

(వాడ నుంచి చరిత్ర – 11వ భాగం)



ఈ సంక్రాంతి సెలవులకు ముందు మా కాలేజీ గ్రౌండ్‌లో "మన పల్లె – మన ఆటలు" అని ఫ్లెక్సీ కట్టారు. చిర్రగోనె, బొంగరాలు, కబడ్డీ, తొక్కుడుబిళ్ల, ఏడు పెంకులాట. సికింద్రాబాద్ గల్లీల్లో పుట్టి పెరిగిన పిల్లలు ఎండను లెక్కచేయకుండా ఆడారు. చూడముచ్చటగానే ఉంది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి మాత్రం మైకు పట్టుకొని, ఒకప్పుడు పల్లెల్లో కులం గిలం లేకుండా పిల్లలందరూ కలిసి ఈ ఆటలు ఆడుకునేవాళ్లని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. మర్నాడు క్లాసులో బీఏ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి, "నిజంగనే అందరు కలిసి ఆడేటోళ్లా మేడమ్?" అని అడిగింది. కలిసి ఆడేవాళ్లు అన్నా అబద్ధమే, కలిసి ఆడలేదు అన్నా అబద్ధమే. ఎందుకో చెప్పడానికే ఈ భాగం.

ముందు "పల్లె" అనే మాట సంగతి తేల్చుకుందాం. కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ పల్లె అంటే చాలామందికి మాలపల్లె, మాదిగపల్లె. అక్కడ ఊరు వేరు, పల్లె వేరు. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల పేరు "మాలపల్లి" అయింది అందుకే. మన తెలంగాణలో ఊరు వేరు, వాడ వేరు. పట్నం నుంచి చూసేవాడికి ఈ రెండూ కలిసి ఒకే పచ్చటి బొమ్మలాగా కనపడతాయి, మధ్యలో గీత కనపడదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ బాబాసాహెబ్ ఈ పచ్చటి బొమ్మనే చింపి పారేశాడు. గ్రామాన్ని పునాదిగా తీసుకోలేదేమని అడిగినవాళ్లకు, గ్రామం అంటే సంకుచితత్వానికి, అజ్ఞానానికి నెలవు తప్ప మరేమిటని ఎదురు ప్రశ్న వేశాడు. కాబట్టి ఫలానా ఆట "గ్రామాల్లో పుట్టింది" అని ఎవరైనా అన్నప్పుడు నేను అడిగేది ఒకటే. గీతకు ఏ పక్కన పుట్టింది?

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నేను మొదట తెరిచింది పుస్తకాలే. క్రీడాభిరామం అనే పేరులోనే క్రీడ ఉంది. వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉన్న వీథి నాటకం అది. శ్రీనాథుడిదే అని వాదించినవాళ్లూ ఉన్నారు, ఆ గొడవ మనకొద్దు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ల పోట్లాట చూస్తారు, పల్నాటి వీరుల కథను వాయిస్తూ పాడే ఒక ఆడమనిషిని చూస్తారు. తెలుగు వీధిని ఇంత దగ్గరగా చూపించిన పాత పుస్తకం మరొకటి లేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ చూపు ఒక బాపనాయన, ఒక సెట్టి చూపు. పందెం రక్తి కట్టిందా లేదా అనేదే దానికి కావాలి. కోడిని పెంచిందెవరు, పొట్టేలును మేపిందెవరు అనేది దాని లెక్కలోకి రాదు.

18వ శతాబ్దంలో అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు గుట్టగా పోశాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో అచ్చయిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల వంశావళులు పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆట గురించి రాశాడు. కావ్యాల్లో చెదిరి ఉన్న ఆటలను ఒక చోటికి తెచ్చినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. అయినా కావ్యం నుంచి ఏరుకుంటే కావ్యంలో ఉన్నదే దొరుకుతుంది. పేర్లు మిగిలాయి, ఆడినవాళ్లు మిగల్లేదు.

అందుకని పుస్తకం మూసి చేతుల దగ్గరికి పోదాం. చేతులంటే పని.

చిర్రగోనెను చూడండి. ఆంధ్రలో బిళ్లంగోడు అంటారు. జానెడు కూడా లేని చిర్ర, మూరెడు దాటిన గోనె, భూమిలో చిన్న బొద్ది. అంతే సామాను. తుమ్మకొమ్మ ఒకటి నరికితే రెండూ వస్తాయి. చెడుగుడుకు అది కూడా అక్కరలేదు, కాలి బొటనవేలితో మట్టిలో గీత గీస్తే చాలు. అచ్చనగండ్లకు ఐదు రాళ్లు. ఏడు పెంకులాటకు పగిలిన కుండ, గుడ్డపేలికల చెండు. మన ఆటల్లో ఎక్కువ వాటికి కొన్న వస్తువు లేదు. ఇంతమందే ఉండాలన్న నియమం లేదు, ఉన్నంతమందితో నడుస్తుంది. ఇంతసేపన్న నియమం కూడా లేదు. ఎవడో కేకేస్తే అక్కడికక్కడే ఒదిలేసి పోవచ్చు, ఏమీ సర్దుకొనే పని లేదు.

ఇట్లాంటి ఆట ఎట్లాంటి పిల్లలకు సరిపోతుంది? చేతిలో పైస లేని, తమ సమయం తమది కాని పిల్లలకు. పొద్దున దొర పసులను తోలుకొని పోయి పొద్దుగూకినంక తోలుకొచ్చే పిల్లలకు. నిజాం రాజ్యంలో అప్పు కింద మనిషిని జీతానికి కట్టేసుకునే పద్ధతిని భగేలా అనేవాళ్లు. దాన్ని అదుపు చేయడానికంటూ 1936లో ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. ఆ తర్వాత కూడా మా తాత జనగామ దిక్కు ఒక పటేలు దగ్గర పసుల జీతగాడిగానే ఉన్నాడు. పసులు చెట్టు కింద పండుకున్న ఆ రెండు గంటలే ఆయన చిన్నతనం. "సంప్రదాయ క్రీడలు గ్రామీణ ప్రజల తీరిక వేళల వినోదం" అని పోటీ పరీక్షల గైడ్లలో రాస్తారు. తీరిక ఎవరికుంది? పని కింద నుంచి దొంగిలించిన సమయంలో పుట్టిన ఆటలివి.

ఈ ఆటలు ఎవరి కాళ్ల మీద ప్రయాణం చేశాయో చెప్పే ఒక ముక్క నాకు చాలా ఇష్టం, క్లాసులో ప్రతి ఏడూ చెబుతాను. మహారాష్ట్రలో చిర్రగోనెను విటీదాండూ అంటారు. అక్కడి పాతకాలం పిల్లలు ఆటలో లెక్క ఎట్లా పెట్టేవాళ్లో తెలుసా? వకట, లేండ, మూండ, నాల. ఊరూరికీ ఉచ్చారణ కొంచెం మారుతుంది. మరాఠీలో ఒకటి అంటే ఏక్, రెండు అంటే దోన్. మరి ఈ వకట ఎవరిది? ఒకటి, రెండు, మూడు, నాలుగు. మన అంకెలు. బడిలో ఏక్, దోన్ అని నేర్చుకున్న పిల్లవాడు గ్రౌండ్‌లోకి రాగానే తెలుగులో లెక్కపెట్టాడు, అది తెలుగని తెలియకుండానే. ఏ కవి, ఏ పండితుడు ఈ అంకెలను అక్కడికి మోసుకుపోయాడు? ఏ శాసనంలో ఉంది? పుస్తకాల దారిలో పోయి ఉంటే అవి గ్రంథాల్లో దొరకాలి. దొరికింది బొద్ది పక్కన, పిల్లల నోట్లో. పసులు తోలుకొని, రాళ్లు కొట్టుకుంటూ, మట్టి మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన జనం నోటి వెంట పోయిందనే నేను నమ్ముతాను. ముంబయిలో కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది ఇటు నుంచి కూలికి పోయిన మన కామాఠీల వల్లనే అని గుర్తు పెట్టుకోండి. ఈ తొవ్వ పాతది.

పులిజూదం ఇంకో సాక్ష్యం. మూడు పులులు, పదిహేను మేకలు. గుడి మండపాల బండల మీద చెక్కిన పులిజూదం గీతలు ఫోటోలు తీసి "మన పూర్వీకుల మేధస్సు" అని పెడుతుంటారు. గుడి బండ మీద చెక్కితే వందల ఏళ్లు ఉంటుంది. చెలకలో బండ మీద బొగ్గుతో గీస్తే మొదటి వానకు పోతుంది. ఆ మండపం ఎక్కే హక్కు లేనివాడు గీసిన గీతలు పురావస్తువులు కావు, అంత మాత్రాన వాడు ఆడలేదని కాదు. ఆ ఆట లోపలి తెలివి చూడండి. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దాని మీద నుంచి దుంకి చంపుతుంది. వెనక ఇంకో మేక ఉంటే దుంకలేదు. మేకలు చంపలేవు, చుట్టుముట్టి పులిని కదలకుండా చేయగలవు. మంద కాసిన అనుభవం లేనివాడికి ఈ ఆట తట్టదు అని నా అభిప్రాయం.

ఇక చెడుగుడు. కబడ్డీ అభిమన్యుడి పద్మవ్యూహం నుంచి పుట్టిందని ఒక కథ వాట్సాప్‌లో ఏడాదికి నాలుగుసార్లన్నా నా ఫోన్‌కు వస్తుంది. అభిమన్యుడు రథం మీద పోయాడు, పోయినవాడు మళ్లీ లేవలేదు. చెడుగుడులో రథం లేదు, సచ్చినోడు తప్పకుండా లేస్తాడు. ఆట ప్రాణమే అది. కూతకు పోయినవాడు ముట్టుకుంటే అవతలివాడు సచ్చిండు. ఇవతల మనవాడు ఒకణ్ని ముట్టుకొని వస్తే మన సచ్చినోడు బతికిండు. "ఔట్" అనే మాట తర్వాత వచ్చింది. పాత మాటలు సచ్చుడు, బతుకుడు.

ముట్టుకుంటే సచ్చుడు. ఈ మాటను వాడ నుంచి వినండి ఒకసారి. తెలుగులో "అంటు" అంటే తాకడం. అదే మాట అంటురోగంలో ఉంది, అదే అంటరానివాడులో ఉంది. మనిషిని మనిషి ముట్టుకోవడం మీద ఇంత కట్టడి పెట్టుకున్న ఊళ్లో, ముట్టుకోవడమే ఆటగా ఉన్న ఆట ఎట్లా నడిచింది? కాళ్లు పట్టి గుంజాలి, నడుము పట్టి పడేయాలి, నలుగురు మీద పడాలి. చెమట చెమటకు అంటుతుంది.

మా తాతను అడిగాను. ఊరి పిల్లలు, వాడ పిల్లలు చెలకలో కలిసే ఆడేవాళ్లట. పెద్దోళ్ల కంటికి దూరంగా, పసులు మేసే చోట. పొద్దుగూకుతుంటే ఊరి పిల్లలు బాయి కాడ ఆగి మీద నీళ్లు సల్లుకొని ఇంటికి పోయేవాళ్లట. వాళ్ల అమ్మలు నేర్పిన పద్ధతి. తాత నవ్వుతూ చెప్పిన మాట ఇది: "ఆటల ముడితె ఎవ్వడైనా సచ్చుడే బిడ్డా. ఆట ఒడిసినంక మేం ముడితె మాత్రం ఆల్లు సచ్చెటోళ్లు."

నేను పీహెచ్‌డీలో చదివిన సిద్ధాంతాలన్నీ ఈ రెండు ముక్కల ముందు చిన్నబోయాయి. కలిసి ఆడారు, నిజమే. ఆ కలయికకు ఒక గడువుంది, ఒక చోటుంది, ఒక బాయి ఉంది. ముఖ్య అతిథి గారు ఆట వరకే చూసి వచ్చారు, బాయి దాకా రాలేదు.

ఆడపిల్లలది ఇంకో తీరు. వామనగుంటలు, అష్టాచెమ్మా, గవ్వలు, చింతగింజలు అని "ఆడపిల్లల ఆటలు" ఒక పట్టీ రాస్తారు. అవి గడప లోపల కూర్చొని ఆడేవి. గడప లోపల కూర్చునే వీలు ఏ ఇళ్ల ఆడపిల్లలకు ఉంది? మా అమ్మ ఏడేళ్లకు నాట్లకు పోయింది. ఆమె అచ్చనగండ్లు నేర్చుకున్నది ఒడ్డు మీద, అన్నం తిన్న తర్వాత ఆ కాస్త సేపట్లో. చెడుగుడు ఆడాలని ఎంత ఉన్నా ఆడపిల్లవని ఆడనివ్వలేదు. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మొదటిసారి మహిళల కబడ్డీ పెట్టి, మన జట్టు బంగారు పతకం తెచ్చిన రోజు ఆమె టీవీ ముందు నుంచి లేవలేదు.

ఇప్పుడు మన సికింద్రాబాద్‌కు వద్దాం. మా తాత జీతం ఒదిలి నడుచుకుంటూ వచ్చింది ఇక్కడికే. సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడ్డ ఊరు ఇది, ఇంగ్లీషోళ్ల దండు కోసం. దండు ఉన్నచోట మెస్సు ఉంటుంది, గుర్రాలు ఉంటాయి, బూట్లు, జీనులు, తోలు పని ఉంటుంది. ఊళ్లో ఏ పని చేసి అంటరానివాడయ్యాడో, ఇక్కడ అదే పనికి నెల జీతం దొరికింది. కంటోన్మెంట్‌లో పరేడ్ గ్రౌండ్, జింఖానా గ్రౌండ్ వచ్చాయి. 1930ల మొదట్లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ మొదలైంది ఆ జింఖానాలోనే. గడ్డి కోసి, రోలర్ లాగి, బంతులు ఏరిచ్చినవాళ్లు చుట్టుపక్కల బస్తీలవాళ్లు. ఆ పని ఎట్లా ఒక మనిషిని ఆటగాణ్ని చేసిందో, చేసి ఎక్కడ ఆపిందో తెలుసుకోవాలంటే ఇంకో కంటోన్మెంట్‌కు పోవాలి. పుణెకు.

పల్వంకర్ బాలు ధార్వాడ్‌లో పుట్టిన చమార్ బిడ్డ. పుణెలో క్లబ్బుల గ్రౌండ్లు ఊడ్చి, రోలర్ లాగి, తెల్లదొరలకు నెట్స్‌లో బంతులు వేసి వేసి గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. ఇంగ్లీషోళ్లను ఓడించాలంటే అతని బౌలింగ్ కావాలి కాబట్టి హిందూ జట్టు అతన్ని తీసుకుంది. మైదానంలో అతను వేసిన బంతిని అందరూ పట్టుకున్నారు. టీ విరామంలో అతనికి మాత్రం బయట, విడిగా, మట్టి ముంతలో టీ. 1911లో ఇంగ్లండ్ వెళ్లి 114 వికెట్లు తీసి వచ్చిన బాలుకు హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు. అతని తమ్ముడు విఠల్‌కు 1923లో ఇచ్చారు, అదీ పెద్ద గొడవ జరిగినంక. (ఇదే బాలును 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ అంబేద్కర్ మీద నిలబెట్టింది, ఆయన ఓడిపోయాడు. ఆ కథ విడిగా రాయాలి.)

క్రికెట్ బంతి తోలు ఎవరి చేతుల మీదుగా వస్తుందో చెప్పక్కరలేదు. ఆ తోలును తొడకు రుద్దుకుంటారు, 2020 దాకా ఉమ్మి రాసి మెరిపించేవాళ్లు, గెలిస్తే ముద్దు పెట్టుకుంటారు. కుట్టినవాడి చేతి ముంతను మాత్రం పక్కన పెడతారు. జనగామ చెలకలో బాయికి, పుణె మైదానంలో ముంతకు నాకు తేడా కనిపించలేదు.

తర్వాత జరిగింది ఆటలకు చదువు చెప్పడం. 1920లలో పుణె, బరోడాల వ్యాయామ సంఘాలు హుతుతుకు నియమాలు రాశాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్లు దాన్ని అక్కడ ఆడి చూపించారు. 1950లో అఖిల భారత సమాఖ్య, 1990లో బీజింగ్ ఆసియా క్రీడలు, 2014లో ప్రో కబడ్డీ. దీన్ని నేను తక్కువ చేయను. నియమం రాసుకుంటేనే పోటీ, పోటీ ఉంటేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. దక్షిణ మధ్య రైల్వే కేంద్రం ఉన్న ఊళ్లో, లాలాగూడ, మెట్టుగూడ బస్తీల్లో ఆ ఉద్యోగం విలువేమిటో నాకు వేరే చెప్పక్కరలేదు.

కానీ నియమంతో పాటు ఏం మారిందో చూడాలి. కూతలో పలకాల్సిన మాట "కబడ్డీ" ఒక్కటే అని నియమావళి చెబుతుంది. చెడుగుడు అంటే కుదరదు. తమిళుల సడుగుడు, మరాఠీల హుతుతు కూడా కుదరవు. మూడేళ్ల కింద మా విద్యార్థి ఒకడు, మంచి దమ్మున్న పిల్లవాడు, ఒకచోట సెలెక్షన్స్‌కు పోయాడు. ఊళ్లో మట్టి మీద ఆడినవాడు, మ్యాట్ మీద ఆడే బూట్లు అరువు తెచ్చుకున్నాడు. కంగారులో నోటికి అలవాటైన చెడుగుడే వచ్చింది. రెఫరీ ఆపి వెనక్కి పంపాడు, అవతలి జట్టుకు పాయింట్ ఇచ్చాడు. నియమం ప్రకారం రెఫరీ చేసింది సరైనదే. పిల్లవాడు తిరిగి వచ్చి నన్నడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "మేడమ్, చెడుగుడు ఆటల చెడుగుడు అంటె తప్పెట్లయితది?"

దమ్ము సంగతీ అంతే. ఒక్క గుక్కలో ఎంతసేపు నిలవగలవు అనేదే పాత ఆట. ఇప్పుడు టీవీ కోసం ముప్పై సెకన్ల గడియారం పెట్టారు. చూడ్డానికి జోరుగా ఉంటుంది, నేనూ టైటాన్స్ మ్యాచ్ వస్తే చూస్తాను. పొద్దంతా పసుల వెనక ఉరికి సంపాదించిన ఊపిరికి మాత్రం అందులో విలువ తగ్గింది.

ఊళ్లో మిగిలిన "సంప్రదాయ క్రీడలు" ఏవో కూడా చూడండి. బండలాగుడు పోటీలో మైకులో వినపడేది ఎడ్ల యజమాని పేరు, ఊరి పేరు. ఉలవలు ఉడకబెట్టి, ఒళ్లు రుద్ది, ఆ ఎడ్ల పక్కనే పండుకునే జీతగాడి పేరు ఎప్పుడైనా విన్నారా? గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందెం 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారం నేరం. అయినా టెంట్లు, ఫ్లడ్‌లైట్లు, చేతులు మారే కోట్లు, పెద్దమనుషుల సెల్ఫీలు. అడిగితే సంస్కృతి అంటారు. మన తిండి, మన డప్పు మీద కేసులు పెట్టేటప్పుడు ఈ సంస్కృతి అనే మాట ఎటు పోతుందో! పందెం పల్నాటి కాలం నుంచీ పెద్దోళ్లదే. కోడి ఓడితే ఏడేళ్ల అరణ్యవాసం అని షరతు పెట్టుకున్నది రాజ్యం ఏలేవాళ్లు. ఆ పందెం చివరికి కారెంపూడి యుద్ధం దాకా పోయినప్పుడు ముందు నిలిచి కొట్లాడింది మాల కన్నమదాసు.

ఆటలన్నీ మావే, మీరు ముట్టుకోవద్దు అని నేను అనడం లేదు. ఆ మాట మనం అంటే బాయి కాడ నీళ్లు సల్లుకున్నవాళ్లకు, మనకు తేడా ఉండదు. గొల్ల, కురుమ, వడ్డెర, లంబాడా, చాకలి పిల్లలందరి చేతులూ ఈ ఆటల్లో ఉన్నాయి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్లు పంచమ అనే పేరును తోసేసి ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నారు. మొదట ఉన్నది ఎవరు అనే ప్రశ్న అప్పుడు మనుషుల గురించి. అదే ప్రశ్నను ఇప్పుడు ఆటలకు వేస్తున్నాను. పుస్తకంలో దొరకదని తెలిసింది కాబట్టి ఇళ్లల్లో వెతకాలి. అరవై దాటిన మన మనుషుల నోట్లో ఉన్నది ఇంకో పదేళ్లకు ఉండదు.

అందుకని విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మనో తాతనో కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి, వాళ్ల మాటను దిద్దకండి. ఏ ఆట ఆడారు, మీ వాడలో దాని పేరేమిటి. లెక్క ఎట్లా పెట్టేవాళ్లు, ఒకటి రెండేనా, ఇంకేమన్నా మాటలా. ఎక్కడ ఆడారు: చెలకనా, చెరువు కట్టనా, గుడి ముందరనా. ఎవరు పిలిస్తే ఆట ఆపేవాళ్లు. ఊరి పిల్లలు వచ్చేవాళ్లా, వస్తే జట్లు ఎట్లా పంచుకునేవాళ్లు, గొడవైతే ఎవరిని కొట్టేవాళ్లు. ఆట ఒడిసినంక నీళ్లు ఎవరు ఎక్కడ తాగేవాళ్లు.

వచ్చే భాగం సంగిడి రాళ్ల మీద, తాలీంల మీద.

జై భీమ్.